పొట్టి బ్యారెల్ కొనాలంటే ఎన్ని అంగుళాలు? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల షూటింగ్ రేంజ్ గురించి నాలుగు ముక్కలు రాస్తే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. సగానికి పైగా ఒకే వస్తువు గురించి, అదే ఏఆర్ పిస్టల్. తెలియనివాళ్ల కోసం ఒక్క మాట: ఏఆర్-15 రైఫిల్ తరహా తుపాకీనే పొట్టి బ్యారెల్‌తో (అంటే గొట్టంతో), భుజానికి ఆనించే బట్ లేకుండా మొదటి నుంచీ అలాగే తయారుచేస్తే అమెరికా చట్టం దాన్ని పిస్టల్ అంటుంది. చూస్తే మాత్రం రైఫిలే. నేను లాయర్‌ని కాదు, నాకు గన్ షాపూ లేదు. డాలస్ పక్కన ఉంటూ పదేళ్లుగా శనివారాలు రేంజ్‌లో గడిపి, కొన్ని తప్పు కొనుగోళ్లకి డబ్బు తగలేసుకున్నవాణ్ని. ఆ అనుభవంతోనే ఈ జవాబులు.

ప్రశ్న: గ్రీన్ కార్డ్ వచ్చి ఏడాదైంది. ఏఆర్ పిస్టల్ ఒకటి కొందామనుకుంటున్నాను, రేంజ్‌కీ ఇంట్లో రక్షణకీ రెండింటికీ పనికి రావాలి. షాపులో 7.5 అంగుళాలది చూపించి "చిన్నది, ముద్దుగా ఉంది, తీసుకోండి" అన్నారు. ఫ్రెండ్ 11.5 అంటున్నాడు. ఇంకో ఫ్రెండ్ అసలు 5.56 తూటాది వద్దు, 300 బ్లాకౌట్ అనే తూటా వాడేది తీసుకో అంటున్నాడు. నాకు కావాల్సింది ఒక్కటే, నొక్కితే పేలాలి, మధ్యలో ఆగకూడదు. ఏది తీసుకోను? (ఫ్రిస్కో, టెక్సాస్)

మీ మొదటి ఫ్రెండ్ మాట వినండి. ఇక కారణం చెప్తాను, కొంచెం ఓపిక పట్టండి, ఎందుకంటే ఇది అర్థమైతే ఇంకెవర్నీ అడగక్కర్లేదు.

చాలామంది అంగుళాల లెక్క అంటే గురి అనుకుంటారు. కాదు. పొట్టి బ్యారెల్ గురి తప్పదు, యాభై గజాల్లో అయితే మీకు తేడా కూడా తెలియదు. పోయేది రెండు: గుండు వేగం, తుపాకీ లోపల గ్యాస్ పని చేసే టైమ్.

వేగం సంగతి ముందు. 5.56 తూటాని 20 అంగుళాల రైఫిల్ కోసం రూపొందించారు. 55 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) మామూలు మిలిటరీ గుండు ఆ బ్యారెల్ నుంచి సెకనుకు దాదాపు 3,200 అడుగుల వేగంతో బయటికొస్తుంది. అదే గుండు 10.5 నుంచి వస్తే 2,700 చుట్టూ, 7.5 నుంచి వస్తే 2,400 చుట్టూ ఉంటుంది. మూడంగుళాలు కోస్తే మూడు వందల అడుగుల వేగం పోయింది. ఆ తేలికపాటి గుండు పని అంతా వేగం మీదే, దానికి బరువు ఎక్కడిది? మరి కాలకుండా మిగిలిన తుపాకీ మందు ఏమవుతుంది అంటారా, మూతి బయట కాలుతుంది. మా రేంజ్‌లో ఒకాయన పక్క బేలో 7.5 పేల్చినప్పుడు సాయంత్రం పూట ఫుట్‌బాల్ అంత మంట కనిపించింది, నా టోపీ కదిలింది. దీపావళికి లక్ష్మీబాంబు చెవి పక్కన పేలినట్టు. డబ్బులిచ్చి కొన్న మందుతో తూటాని కాకుండా గాలిని వేడి చేస్తున్నాడు పాపం.

ఇప్పుడు అసలు విషయం, మీరడిగిన "ఆగకూడదు" అన్నది. ఏఆర్‌లో బ్యారెల్‌కి ఒకచోట చిన్న రంధ్రం ఉంటుంది. గుండు ఆ రంధ్రం దాటగానే కొంత గ్యాస్ అందులోంచి పైనున్న సన్నటి గొట్టంలోకి దూరి, వెనక్కి వచ్చి బోల్ట్‌ని, అంటే తూటా వెనక తలుపులా మూసుకునే ఇనప ముక్కని, నెడుతుంది. ఖాళీ తొడుగు బయటపడటం, కొత్త తూటా ఎక్కడం అంతా ఆ తోపుతోనే. గుండు మూతి దాటిందా, గ్యాస్ అయిపోయింది, సీసా మూత తీసినట్టే. కాబట్టి రంధ్రానికీ మూతికీ మధ్య ఎంత దూరం ఉంటే గ్యాస్‌కి అంత టైమ్. కార్బైన్ (పొట్టి రైఫిల్) సైజు గ్యాస్ ఏర్పాటులో ఆ రంధ్రం ఏడున్నర అంగుళాల పైచిలుకు దగ్గర ఉంటుంది. సైన్యం వాడే ఎం4 బ్యారెల్ 14.5, అంటే దానికి ఏడంగుళాలకి కాస్త తక్కువ మిగులుతుంది, హాయిగా పని చేస్తుంది. 11.5కి నాలుగుకి దగ్గర. 10.5కి మూడు కూడా ఉండదు. 7.5కి వస్తే ఆ రంధ్రం పెట్టడానికి చోటే లేదు, ఇంకా వెనక్కి, నాలుగంగుళాల దగ్గరికి జరపాలి. అక్కడ గ్యాస్ ఒత్తిడి విపరీతం, టైమ్ మాత్రం తక్కువ. అంటే బోల్ట్‌ని సుతారంగా నెట్టడానికి బదులు సుత్తితో కొడుతున్నట్టు.

అందుకే 11.5 అన్నాను. 10.5 కూడా మంచిదే, అమెరికా నేవీ ప్రత్యేక దళాలు ఎంకే18 పేరుతో 10.3 వాడాయి, పని చేయదని ఎవరూ అనరు. కాకపోతే దాని రంధ్రం సైజు, స్ప్రింగ్, బఫర్ (బోల్ట్ వెనక ఉండే ముక్క) బరువు అన్నీ కుదరాలి, వాళ్లకి రిపేర్ చేసే ఆర్మరర్లు పక్కనే ఉంటారు, మనకి ఉండరు కదా. ఒక్క అంగుళం పెరిగితే ఇంట్లో మలుపు తిరగడానికి ఏం అడ్డం రాదు, కానీ తుపాకీ పడే అవస్థ బాగా తగ్గుతుంది. వియత్నాం యుద్ధంలో కోల్ట్ కంపెనీ తుపాకీ ఎక్స్‌ఎం177 కూడా మొదట 10 అంగుళాలతో వచ్చి తర్వాత 11.5కి పెరిగింది. అప్పుడు తెలిసిన సంగతే ఇది.

ఇక రెండో ఫ్రెండ్ మాట. ఆయన చెప్పిందీ తప్పు కాదు, షరతు ఒకటుంది. 300 బ్లాకౌట్ 2011లో ప్రమాణాల్లోకి వచ్చిన తూటా, దాన్ని తయారుచేసిందే పొట్టి బ్యారెల్ కోసం. మందు తక్కువ, గుండు బరువు. ఆ మందు తొమ్మిది అంగుళాల్లోపే దాదాపు కాలిపోతుంది, అందుకని 16 నుంచి 9కి తగ్గినా పోయేది ఓ రెండు వందల అడుగుల చుట్టూ. బోల్ట్ అదే, తూటాల మ్యాగజైన్ అదే (పత్రిక కాదు లెండి), బ్యారెల్ ఒక్కటే మారుతుంది. కాబట్టి మీకు నిజంగా చిన్నదే కావాలి, బ్యాగులో పట్టాలి అంటే 8 లేదా 9 అంగుళాల 300 తీసుకోండి, 7.5 అంగుళాల 5.56 మాత్రం వద్దు. షరతు ఏంటంటే తూటా ధర. మామూలు 5.56తో పోలిస్తే ఒకటిన్నర రెట్ల పైనే పడుతుంది, ఒక్కోసారి రెట్టింపు. నెలకి రెండొందలు కాల్చాలనుకుని, బిల్లు చూసి యాభై కాల్చి ఇంటికొచ్చేవాళ్లని చూశాను. సాధన చేయని చేతిలో ఏ క్యాలిబర్ (తూటా సైజు) ఉన్నా ఒకటే.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. ఇంట్లో 5.56, 300 రెండూ ఉంటే జాగ్రత్త. మ్యాగజైన్ ఒకటే కాబట్టి 300 తూటా 5.56 తుపాకీలోకి కూడా దూరే అవకాశం ఉంది, కొన్ని రకాల గుండ్లు అయితే బోల్ట్ మూసుకునేదాకా వెళ్తాయి. అప్పుడు ట్రిగ్గర్ నొక్కితే 0.308 అంగుళాల గుండు 0.224 అంగుళాల గొట్టంలో దూరడానికి దారి లేక తుపాకీ చేతిలో పగిలిపోతుంది. నేను 300 మ్యాగజైన్లకి పసుపు రంగు టేప్ చుట్టి, వేరే బ్యాగులో పెట్టి, ఒక్క రోజులో రెండూ రేంజ్‌కి తీసుకెళ్లను. మా ఆవిడ నవ్వుతుంది, నవ్వనీ.

మీరు అడగలేదు గానీ 7.62x39, అదే ఏకే-47 తూటా, ఏఆర్‌లో పెట్టి అమ్మేవీ ఉన్నాయి. ఆ తూటా లావు, దాని కోసం బోల్ట్ ముఖాన్ని ఎక్కువ తవ్వాలి, మిగిలే లోహం పల్చన. పైగా ఆ తూటా కొస వైపు సన్నబడుతూ పోవడంతో మ్యాగజైన్ బాగా వంపు తిరగాలి, ఏఆర్‌లో మ్యాగజైన్ దూరే చోటు నిటారుగా ఉంటుంది. చవక రష్యా తూటాల దిగుమతికి కొత్త పర్మిట్లు 2021లోనే ఆపేశారు కాబట్టి ఆ లాభమూ పోయింది. ఆ తూటా మీద మోజుంటే దాని కోసం పుట్టిన ఏకేలోనే కాల్చుకోండి.

కేవలం రేంజ్ సరదా అయితే 9 ఎంఎం ఒకటుంది, తూటా చవక, చప్పుడు తక్కువ, బ్యారెల్ ఐదు నుంచి ఎనిమిది అంగుళాలు చాలు. చాలావాటిలో గ్యాస్ గొడవే లేదు, బరువైన బోల్ట్ తనంతట తానే వెనక్కి వస్తుంది. ఆ బరువు వల్ల చిన్న తూటాకి కూడా భుజం మీద టప్‌మని తగులుతుంది, అది చాలామంది ఊహించరు.

ఇంటి రక్షణ అన్నారు కాబట్టి చెప్తున్నాను, మన ఫ్రిస్కో ఇళ్ల గోడలు గుంటూరులో మన ఇటుక గోడలు కావు. షీట్‌రాక్, అంటే పల్చటి జిప్సం పలకలు. ఇక్కడ చెప్పిన ప్రతి తూటా దాన్ని దాటుతుంది. పిల్లలు ఏ గదిలో పడుకుంటారో, ఆ గోడ వెనక ఏముందో తెలుసుకున్నాకే క్యాలిబర్ గురించి ఆలోచించండి. టెక్సాస్‌లో 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి అందేలా తూటాలు నింపిన తుపాకీ వదిలేయడం నేరం కూడా. కాబట్టి సేఫ్ ముందు కొనండి.

ప్రశ్న: మీరు వద్దనే 7.5 అంగుళాల 5.56 నేను పోయినేడే కొనేశాను. ప్రతి మ్యాగజైన్‌కీ రెండు మూడుసార్లు ఆగుతోంది. అమ్మేయమంటారా? (షార్లెట్, నార్త్ కరోలినా)

అప్పుడే అమ్మకండి. ముందు మ్యాగజైన్ మార్చండి. నవ్వకండి, ఇలా మొరాయించే తుపాకుల్లో చాలావాటికి జబ్బు అక్కడే. కొత్త, పేరున్న కంపెనీది ఒకటి కొని దానితో చూడండి. బోల్ట్‌కి నూనె సరిగ్గా పెట్టండి, పొట్టి తుపాకులు మసి ఎక్కువ పట్టి త్వరగా ఎండిపోతాయి.

అయినా ఆగుతుంటే మ్యాగజైన్‌లో ఒక్క తూటానే పెట్టి కాల్చండి. బోల్ట్ వెనక ఆగి నిలబడిందా? నిలబడకుండా ఖాళీ ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) మీద మూసుకుంటే బోల్ట్ పూర్తిగా వెనక్కి రావడం లేదు, అంటే గ్యాస్ చాలడం లేదు, లేదా బఫర్ మరీ బరువైనది పెట్టారు. నిలబడితే కింద చూడండి, ఖాళీ తొడుగులు ఎక్కడ పడుతున్నాయి? మీరు గడియారం మధ్యలో నిలబడి పన్నెండు వైపు కాలుస్తున్నారనుకోండి, మూడు, నాలుగు గంటల వైపు పడితే బాగున్నట్టు. ఒంటిగంట వైపు ముందుకి ఎగిరిపడుతూ, తొడుగు అంచు గీసుకుపోయి, చిరిగి కనిపిస్తే గ్యాస్ ఎక్కువై బోల్ట్ తొందరపడుతోంది. తొడుగు ఇంకా గ్యాస్ ఒత్తిడికి ఉబ్బి ఛాంబర్ గోడకి అతుక్కుని ఉండగానే కొక్కెం లాగేస్తోంది, తెగక ఏమవుతుంది? 7.5లో నూటికి తొంభై వంతులు ఈ రెండో జబ్బే అని నా అనుమానం. బరువు బఫర్ వేసి చూడండి. మామూలు కార్బైన్ బఫర్ మూడు ఔన్సులు, హెచ్2 అనేది నాలుగున్నర పైన. ముప్పై డాలర్ల చుట్టూ అయ్యే ఖర్చు. దాంతో కుదరకపోతే గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) దగ్గర గ్యాస్ తగ్గించుకునే వీలున్న బ్లాక్ పెట్టించుకోండి. రంధ్రం పెద్దది చేయడం, కోయడం లాంటివి మీరే గ్యారేజ్‌లో చేయకండి, తీసిన లోహం తిరిగి రాదు.

ఒక చిన్న హెచ్చరిక. అంత పొట్టిదానికి ముందు చెయ్యి జారితే వేళ్లు మూతి ముందుకి వస్తాయి. హ్యాండ్‌స్టాప్ అని చిన్న అడ్డు దొరుకుతుంది, బిగించుకోండి. నిలువు పిడి మాత్రం బిగించకండి: మొత్తం పొడవు 26 అంగుళాల లోపున్న పిస్టల్‌కి నిలువు పిడి పెడితే చట్టంలో అది వేరే రకం ఆయుధం అయిపోతుంది, ముందే రిజిస్ట్రేషన్ కావాలి. ఇరవై డాలర్ల ప్లాస్టిక్ ముక్కకి ఫెడరల్ కేసు.

ప్రశ్న: హెచ్1బీ మీద ఉన్నాను. నా రూమ్మేట్‌కి గ్రీన్ కార్డ్ ఉంది, వాడి పేరు మీద కొని నేను వాడుకోవచ్చా? (ఇర్వింగ్)

వద్దు. ఇందులో రెండు నేరాలున్నాయి. ఇంకొకరి కోసం తన పేరు మీద కొనడం ఒకటి, 2022 చట్టం తర్వాత దానికి పదిహేనేళ్ల దాకా జైలు పడొచ్చు, అది మీ రూమ్మేట్ నెత్తిన. రెండోది మీది: హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. "దగ్గర పెట్టుకోవడం" అంటే కొనడం ఒక్కటే కాదు, రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాల్చినా అదే లెక్క. మన స్టూడెంట్లు రేంజ్‌కెళ్లి తుపాకీతో ఫొటో దిగి ఇన్‌స్టాలో పెడతారు చూశారా, అది చూస్తే నాకు టెన్షన్. చట్టంలో మినహాయింపులు ఉన్నాయి, చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉండటం అందులో ఒకటి. అయితే ఆ దారిలో వెళ్లాలనుకుంటే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి, నాతో కాదు. నా మటుకు నేను గ్రీన్ కార్డ్ వచ్చేదాకా ఆగాను. మూడొందల డాలర్ల బ్యారెల్ కోసం పన్నెండేళ్ల క్యూ వదులుకుంటామా?

ప్రశ్న: ఎడిసన్‌లో ఉంటాం. ఇక్కడ 11.5 దొరుకుతుందా?

న్యూజెర్సీలో ఆ ఆశ పెట్టుకోకండి. కాలిఫోర్నియా, న్యూయార్క్, ఇల్లినాయ్ కూడా దాదాపు అంతే, ఏఆర్ తరహా వాటి మీదే నిషేధాలున్నాయి. టెక్సాస్‌లో అన్నయ్య దగ్గర ఉంది కదా అని సెలవుల్లో కారులో వేసుకుని తెచ్చుకునేరు సుమా.

ప్రశ్న: బ్రేస్ (చేతికి తగిలించే పట్టీ) ఉన్న పిస్టల్ మేలా, నేరుగా ఎస్‌బీఆర్ (పొట్టి బ్యారెల్ రైఫిల్) చేయించుకోవడం మేలా? 2023లో బ్రేస్ గొడవ అయ్యాక అంతా గందరగోళంగా ఉంది. ఇంకోటి, బ్యారెల్ పొడవు ఎలా కొలుస్తారు? (కేటీ, టెక్సాస్)

ఈ ప్రశ్నకి రెండేళ్ల కింద అయితే బ్రేస్ అనేవాణ్ని. ఇప్పుడు మనసు మారింది.

పాత కథ చెప్తాను. 1934 నాటి చట్టం ప్రకారం రైఫిల్ బ్యారెల్ 16 అంగుళాల కంటే తక్కువుంటే, లేదా మొత్తం పొడవు 26 కంటే తక్కువుంటే అది ఎస్‌బీఆర్, అంటే పొట్టి బ్యారెల్ రైఫిల్, దానికి రిజిస్ట్రేషన్, 200 డాలర్ల టాక్స్. 1934లో రెండొందల డాలర్లంటే తుపాకీ ధర కంటే ఎక్కువ, కొననివ్వకూడదనే పెట్టారు. తర్వాత 2012 ప్రాంతంలో ఒక వికలాంగుడైన మాజీ సైనికుడు ఒంటిచేత్తో కాల్చుకోవడానికి వీలుగా చేతికి పట్టీలా తగిలించే బ్రేస్ వచ్చింది. అది బట్ కాదు కాబట్టి తుపాకీ పిస్టలే. జనం దాన్ని భుజానికి ఆనించడం మొదలుపెట్టారు, అసలు గొడవ అక్కడ పుట్టింది. 2023 జనవరిలో ఏటీఎఫ్ (తుపాకుల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ) కొత్త రూల్ తెచ్చి చాలా బ్రేస్ పిస్టళ్లని ఎస్‌బీఆర్‌లే అంది. 2024 జూన్‌లో మన టెక్సాస్ ఫెడరల్ కోర్టే ఆ రూల్‌ని కొట్టేసింది.

ఇప్పుడు కొత్త సంగతి: 2025 జులైలో సంతకమైన చట్టంతో 2026 జనవరి 1 నుంచి ఎస్‌బీఆర్ మీద టాక్స్ సున్నా. రిజిస్ట్రేషన్ మాత్రం పోలేదు, వేలిముద్రలు, ఫొటో, దరఖాస్తు, ఆమోదం అన్నీ ఉన్నాయి. ఆమోదం చేతికి రాకముందే బట్ బిగిస్తే నేరం, ఇంట్లో ఎవరూ చూడట్లేదు కదా అనుకోవద్దు. అసలైన బట్ భుజానికి కుదిరినంత హాయిగా బ్రేస్ కుదరదు, నేను రెండూ వాడాను. కాబట్టి ఒకే చోట స్థిరంగా ఉండేవాళ్లు కాగితాలు పెట్టుకుని ఎస్‌బీఆర్ చేయించుకోండి. పని మీద తరచూ రాష్ట్రాలు దాటి తీసుకెళ్లేవాళ్లకి పిస్టలే నయం, ఎందుకంటే ఎస్‌బీఆర్‌ని రాష్ట్రం దాటించాలంటే ముందుగా ఏటీఎఫ్ అనుమతి తీసుకోవాలి. ఇంకోటి, రైఫిల్‌గా పుట్టిన తుపాకీకి బ్యారెల్ మార్చి పిస్టల్ అనుకోవడం కుదరదు, అది ఎస్‌బీఆర్ కిందికే వస్తుంది. కొనేటప్పుడు కాగితం మీద ఏమని రాశారో చూసుకోండి.

బ్యారెల్ పొడవు ఎలా కొలుస్తారని చివర్లో అడిగారు. బోల్ట్ మూసి, తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసి, మూతిలోంచి సన్నటి చెక్క పుల్ల బోల్ట్ తగిలేదాకా జార్చి, మూతి దగ్గర గుర్తు పెట్టి తీసి టేపుతో కొలవడమే. బయటి నుంచి కొలిస్తే తప్పు వస్తుంది, ఛాంబర్ కూడా లెక్కలోకే వస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఇలాంటిది కొన్నాడట. రిటైరయ్యాక ఇండియాకి తెచ్చుకోవచ్చా, ఇక్కడ లైసెన్స్ ఇస్తారా? (విజయవాడ)

తేవడానికి వీల్లేదండీ. మన 1959 ఆయుధాల చట్టం, 2016 రూల్స్ కింద మామూలు పౌరుడికి సెమీ ఆటోమేటిక్ రైఫిల్ తరహావి రావు, సైన్యం, పోలీసులు వాడే 9 ఎంఎం, 303 లాంటి బోర్లు కూడా నిషిద్ధమే. అందుకే మన ఊళ్లలో లైసెన్స్ అంటే 32 రివాల్వర్, 315 రైఫిల్, 12 బోర్ గన్ తప్ప వేరే మాట వినపడదు. 2019 సవరణతో ఒక్కరి దగ్గర ఉండగలిగేవి కూడా మూడు నుంచి రెండుకి తగ్గాయి. మీ అబ్బాయిని వచ్చేముందు దాన్ని అక్కడే లైసెన్స్ ఉన్న డీలర్‌కి అమ్మేసి రమ్మనండి. తూటాలు పెట్టిన బ్యాగు కూడా ఒకసారి బోర్లించి దులపమనండి, అడుగున ఒక్క తూటా మిగిలినా శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌రేలో కనపడుతుంది, ఆ తర్వాత పోలీస్ స్టేషన్‌లో మీరు కూర్చోవాల్సి వస్తుంది.